రేవు చొక్కాకి ఆ పేరెలా వచ్చింది

సాయంత్రం నాలుగింటికి పదివేల చీటీలు ప్రెస్సుకి వెళ్ళాలి. ఇప్పుడు పదకొండు.

కటింగ్ మాస్టరు బల్ల మీద పరిచిన గుడ్డ నుంచి తల ఎత్తలేదు. ఓనరమ్మ మెట్లెక్కి వస్తోందని మాత్రం తెలుస్తూనే ఉంది. ఆవిడ ఎప్పుడూ రెండేసి మెట్లు దాటుకుంటూ ఎక్కుతుంది, దిగేటప్పుడు మాత్రం మోకాళ్ళని తిట్టుకుంటూ దిగుతుంది.

"మాస్టారూ, ఆ సుద్దముక్క పక్కన పెట్టండి. మన చొక్కా జాతకం తెచ్చాను."

జాతకం అంటే అరచెయ్యంత చీటీ. ఈ సీజన్ నుంచి ప్రతి రేవు చొక్కాకీ ఒకటి కట్టి అమ్మాలని ఆవిడ పట్టుదల. ఆ చొక్కాకి కాలరు ఉండదు. మెడ చుట్టూ వేలెడు పట్టీ, గుండెదాకా మూడు బొత్తాలు, అంతే. బరువులు మోసేవాళ్ళు వేసుకుంటారు, పెళ్ళికొడుకులూ వేసుకుంటారు. అందరూ రేవు చొక్కా అనే అంటారు. ఎందుకంటారో అడిగితే మాత్రం బుర్ర గోక్కుంటారు.

"ఈ రోజుల్లో చొక్కా కొనేవాడు ఉత్త చొక్కా కొనడు మాస్టారూ. దాని వెనక కథ కూడా కొంటాడు," అంది ఓనరమ్మ. తర్వాత హాలంతా వినేలా గొంతు పెంచింది. "ఒక్క నిమిషం మిషన్లు ఆపండమ్మా! అందరూ వినండి."

మిషన్లు ఆగాయి. కిటికీ దగ్గర కాజాలు కుట్టే ఐదుగురు ఆడవాళ్ళలో నలుగురు తలెత్తారు. ఐదో ఆవిడ కుడుతూనే ఉంది. ఆవిడే మాస్టరు భార్య. ఆ హాల్లో అందరికీ కాజాల అక్క.

ఓనరమ్మ చదివింది. "ముప్పై రెండేళ్ళ కిందట, రేవులో పడవ పందెం. మన ఊరి జట్టుకి చొక్కాలు కుట్టింది మన షాపే. పొద్దుటి పోటీలో నీళ్ళు చిమ్మి చొక్కాలు తడిశాయి. తడవగానే కాలర్లు కుంచించుకుపోయి మెడకి బిగుసుకున్నాయి. తెడ్డు వేస్తున్న ఒక మనిషి ఊపిరాడక పడిపోయాడు. కాలరు బిరుసుగా నిలబడ్డానికి లోపల పెట్టే బకరం గుడ్డని ముందుగా నానబెట్టి ఆరబెట్టకుండా కుట్టేసిన ఒక టైలరు నిర్వాకం అది."

టైలరు అన్న మాట దగ్గర ఆ టైలరు పేరు కూడా చదివింది. ఇంటిపేరుతో సహా. పక్కనే, ఎవరూ మరిచిపోకుండా, పాత ముద్దుపేరు: ఎడంచెయ్యి.

హాల్లో అందరి చూపులూ కాజాల అక్క వైపు తిరిగాయి. ఆ టైలరు ఆవిడ సొంత అన్న.

"అప్పుడు జట్టు నాయకుడు రేవులో నిలబడి తన కాలరు పరపరా చింపి నీళ్ళలో పారేశాడు. అది చూసి మిగతావాళ్ళూ చింపేశారు. మెడలు విడిపించుకుని మధ్యాహ్నం ఫైనల్లో గెలిచారు. మర్నాడు పొద్దున్నే జనం మన షాపు ముందు నిలబడి, రేవులో వాళ్ళు వేసుకున్న చొక్కా కావాలన్నారు. ఆ పేరు అలా వచ్చింది." ఓనరమ్మ కాగితం దించింది. "ఎలా ఉంది?"

"బ్రహ్మాండం," అన్నాడు ఒక టైలరు. ఆ వెంటనే కాజాల అక్క ఉందని గుర్తొచ్చి నాలుక్కరుచుకున్నాడు.

కాజాల అక్క సూది ఆగలేదు. "నా మొహం చూడక్కర్లేదు. జరిగిందే కదా రాశారు," అంది. "ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాడు. రాయనివ్వండి."

ముప్పై రెండేళ్ళుగా ఆవిడ అన్న గుమ్మం తొక్కలేదు.

"పేరు అవసరమా అమ్మా?" అన్నాడు మాస్టరు మెల్లగా.

"పేరు లేకపోతే కట్టుకథ అంటారు. పేరుంటే చరిత్ర. ఆ రోజు రేవులో ఉన్నవాళ్ళలో మన షాపులో మిగిలింది మీరొక్కరే. కింద ఒక సంతకం పడెయ్యండి. కళ్ళారా చూసినవాడు అని మీ సంతకం కూడా అచ్చేస్తాను."

"చదువుకుని పెడతానమ్మా. బొత్తాల షాపుకి వెళ్ళే పనుంది. వచ్చి ఇస్తాను."

"నాలుగు లోపల!"

చీటీ జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. బొత్తాల షాపు కుడివైపు. అతను ఎడమవైపు తిరిగి బస్సెక్కాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎవరూ అతన్ని చూడటం లేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు రెండుసార్లు జేబు తడుముకున్నాడు.

ఆ షాపులో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. కొత్త బకరం కుంచించుకుపోయే గుణం కలది. దాన్ని నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, అప్పుడు కత్తిరించాలి. ఎవరు నానబెడితే వాళ్ళు ఆ కట్ట మూలన తమ రంగు దారంతో ఒక ముడి వెయ్యాలి. ఎడంచెయ్యిది నీలం దారం. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళున్న మాస్టరుది ఎర్ర దారం. ఎర్ర ముడి కనిపిస్తే, షాపులో ఇస్త్రీ చేసే తాత నీళ్ళు చల్లి, కొలిచి, సణిగి, అప్పుడు కత్తెర పెట్టనిచ్చేవాడు. నీలం ముడి కనిపిస్తే చూసేవాడు కూడా కాదు. ఎడంచెయ్యి అంటే అంత నమ్మకం.

పందెం ముందు రోజు బకరం నానబెట్టే వంతు ఎర్ర దారానిది. పొద్దున తొట్టి నింపాడు కూడా. అంతలో కబురొచ్చింది: ఆ అమ్మాయి దారాల షాపు దగ్గరికి వస్తోంది, ఒక్కసారి కనిపించమంది. ఆ అమ్మాయి అంటే ఎడంచెయ్యి చెల్లెలు. పెళ్ళికి ఇంకా పన్నెండు రోజులే ఉంది. పన్నెండు రోజులు ఆగలేని వయసు. పదింటికి వెళ్ళినవాడు నాలుగింటికి వచ్చాడు. తొట్టిలో నీళ్ళు అలాగే ఉన్నాయి, బకరం అలాగే ఉంది. నానబెడితే ఆరదు. కాలర్లు సాయంత్రానికి కుట్టేయాలి.

ఎడంచెయ్యి మిషను మీద నీలం దారం ఉండ ఉంది. ఎడంచెయ్యి అక్కడ లేడు.

మూరెడు దారం తెంపుకోవడానికి ఎంతసేపు? మనిషి రెండుసార్లు తుమ్మేంత సేపు.

మర్నాడు పొద్దున రేవులో తెడ్లేసే మనిషి మొహం నల్లబడి పడవలోనే ఒరిగిపోయాడు. కాలరు బొత్తం విప్పడానికి వేలు దూరలేదు. బతికాడు. అతను బతికాడని తెలిసే దాకా మాస్టరు ఒక గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. ఆ తర్వాత రేవులో ఏం జరిగిందో కూడా చూశాడు. ఓనరమ్మ చీటీలో లేనిది అదే. నాయకుడు ఏ కాలరూ చింపలేదు. ఎడంచెయ్యి కత్తెర తెచ్చి, మెట్ల మీద కూర్చుని, ఎనిమిది చొక్కాల కాలర్లు ఒక్కొక్కటే కుట్టు వెంబడి కోసేశాడు. పోగులు రాలకుండా చుట్టూ వేలెడు పట్టీ మడిచి చేత్తోనే కుట్టాడు. గంటన్నరలో ఎనిమిది మెడలు. జట్టు గెలిచింది.

సాయంత్రం, అప్పట్లో షాపు నడిపిన పెద్ద ఓనరు మిగిలిన బకరం కట్ట తెప్పించాడు. మూలన నీలం ముడి. "ఈ దారం ఎవరిది?" అన్నాడు.

ఎడంచెయ్యి ఆ కట్టను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు. "దారం నాదే," అన్నాడు.

మర్నాటికి అతని ఉద్యోగం లేదు. ఆ వారంలోనే జనం ఆ చొక్కా కోసం ఎగబడ్డారు. దానికి అట్ట మీద కొలతలు గీసి, మెడ పట్టీ అందంగా దిద్ది, మాస్టరు అయింది ఇతను. పెళ్ళిపందిట్లో పెళ్ళికూతురు అన్న వైపు కన్నెత్తి చూడలేదు. పెళ్ళి ముందర పరువు తీశాడని ఆవిడ కోపం. పెళ్ళికొడుకు ఆ కోపాన్ని చల్లార్చే ప్రయత్నం చెయ్యలేదు.

బస్సు ఆగింది.

ఎడంచెయ్యి ఇప్పుడు లారీల మీద కప్పే టార్పాలిన్లు, పడవల మీది గుడారాలు కుడతాడు. రేకుల షెడ్డు. నేలంతా పచ్చటి టార్పాలిన్ పరిచి ఉంది, దాని మధ్యలో మిషను, మిషను ముందు అతను. జుట్టు తెల్లబడింది, ఎడమ చెయ్యి వేగం తగ్గలేదు.

"దయచెయ్యండి బావగారూ," అన్నాడు, కుట్టు ఆపకుండా. "చెప్పులు విప్పి రండి. టార్పాలిన్ పాడవుతుంది."

పని నేర్పే రోజుల్లో ఒరేయ్ అనేవాడు. పెళ్ళి కుదిరిన రోజు నుంచీ నవ్వుతూ బావగారూ అన్నాడు. ఈ బావగారులో నవ్వు లేదు.

మాస్టరు చీటీ ఇచ్చాడు. ఎడంచెయ్యి మిషను ఆపి, కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. తన పేరు దగ్గర ఆగాడు. నాయకుడు కాలరు చింపిన చోట నవ్వాడు.

"ఆ నాయకుడికి తన బూట్ల తాడు విప్పడం కూడా వచ్చేది కాదు. ఎవరు రాశారు?"

"ఓనరమ్మ. నువ్వు ఊఁ అంటే నీ పేరు తీయిస్తాను. నాలుగు దాకా టైముంది."

"ఎందుకు తీయించడం?"

"నీకు... పదివేల చొక్కాల మీద..."

"నాకేం. ఉండనీండి." చీటీని మోకాలి మీద పెట్టి చదును చేశాడు. "పేరు తీయిస్తే ఎవరికి హాయి? నాకా? మీకా?"

మాస్టరు నేల వైపు చూశాడు. టార్పాలిన్ మీద తన పాదాల చెమట మరకలు కనిపించాయి.

"నేనొక మాట చెప్పాలి," అన్నాడు.

"చెప్పకండి."

"ఆ రోజు ఆ బకరం..."

"తెలుసురా!"

రేకులు అదిరేలా అన్నాడు. బయట ఎవరో సైకిలు ఆపి ఒక్కసారి లోపలికి చూసి వెళ్ళిపోయారు. ఎడంచెయ్యి గొంతు తగ్గించాడు.

"ఆ రోజే తెలుసు. నేను ఎడమ చేత్తో ముడి వేస్తే మెలిక ఒక పక్కకి తిరుగుతుంది. మీ అందరిదీ ఇంకో పక్కకి. దారం నాది, ముడి నాది కాదు. నీ ముడి నాకు తెలీదా? నీకు ముడి వెయ్యడం నేర్పింది ఎవర్రా?"

మాస్టరు అడగకుండానే టార్పాలిన్ అంచున కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఒక చిన్న ఆసరా పెట్టుకుని బతికాడు. బకరం నానబెట్టడం తనే మరిచిపోయి ముడి వేసేశానని ఎడంచెయ్యి నమ్మి సర్దుకున్నాడేమో అని. ఆ ఆసరా కాస్తా పోయింది.

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"పదకొండు రోజుల్లో పెళ్ళి. నీ ఉద్యోగం పోతే పెళ్ళి ఆగేది. ఆ పిల్ల నీ పేరు చెబితే ఎలా నవ్వేదో ఇంట్లో ఉన్నవాణ్ణి నాకు తెలుసు. సరే, పెళ్ళయ్యాక నువ్వే చెబుతావనుకున్నా. పెళ్ళయింది. కాపురం కుదురుకున్నాక చెబుతావనుకున్నా. మీకు పాప పుట్టాక చెబుతావనుకున్నా. పాప పెళ్ళి కూడా అయిందట కదా, ఎవరో చెప్పారు. ఎప్పుడో అనుకోవడం మానేశాను." కళ్ళజోడు మళ్ళీ నుదుటి మీదికి తోశాడు. "ఉద్యోగం పోతే పోయింది, ఇదిగో ఇది దొరికింది. చెల్లెలు పోతుందని మాత్రం నేను అనుకోలేదు."

"ఏం చెయ్యమంటావు?"

"అది నన్నడక్కు. నేను చెబితే, నేను చెప్పానని చేస్తావు." చీటీ మడిచి చేతికిచ్చాడు. మిషను పెడలు మీద కాలు పెట్టాడు. "సాయంత్రానికి ఈ గుడారం ఇవ్వాలి బావగారూ. మీరు దయచెయ్యండి."

తిరుగు బస్సులో మాస్టరు ఒక ఉపాయం ఆలోచించాడు. సిగ్గుపడే మనిషికి ఉపాయాలు చురుగ్గానే తడతాయి. టైలరు పేరు తీసేసి, ఏదో పొరపాటు వల్ల అని రాయిస్తే సరి. ఎవరి మీదా మచ్చ ఉండదు. ఎడంచెయ్యి కూడా ఏమీ చెయ్యమనలేదు కదా. భార్యకి తర్వాత చెప్పొచ్చు, మంచి సమయం చూసి. ఆ మాట మనసులో అనుకోగానే దాని రుచి తెలిసింది. ముప్పై రెండేళ్ళుగా నములుతున్న మాటే అది.

మూడున్నరకి మెట్లెక్కాడు. ఓనరమ్మ మెట్ల పైనే ఎదురొచ్చింది.

"మాస్టారూ, మీరన్నది ఆలోచించాను. అక్క మొహం చూస్తే నాకే బాగోలేదు. పేరు తీసేశాను. ఏదో పొరపాటు వల్ల కాలర్లు బిగుసుకున్నాయి అని మార్చాను. సరేనా? ఇదిగో కొత్త కాపీ. సంతకం పెట్టెయ్యండి, ప్రెస్సువాడు కింద కూర్చున్నాడు."

అడగకుండానే తలుపు తీసినట్టయింది. అందులోంచి దూరిపోవడమే ఆలస్యం. పెన్ను ఆవిడే అందించింది. మాస్టరు కాగితం బల్ల మీద పెట్టాడు. మొదటి అక్షరం పెట్టాడు కూడా.

"ఎందుకు తీసేశారు?"

కిటికీ దగ్గర నుంచి కాజాల అక్క గొంతు. సూది గాల్లో ఆపి ఇటు చూస్తోంది.

"నా కోసమైతే తియ్యొద్దు ఓనరమ్మా. నా అన్న అని దాచడమేంటి? తప్పు చేసినవాడి పేరు తప్పు పక్కనే ఉండాలి. వాడు చేసింది వాడికి అంటనివ్వండి. మా ఆయన మెత్తన, మీ దగ్గర బతిమాలుకుని ఉంటారు." భర్త వైపు చూసింది. ఆ చూపులో గర్వం ఉంది. "ఈయన గుణం మా అన్నకి కాస్త వచ్చినా బాగుండేది."

మాస్టరు చేతిలో పెన్ను కాగితం మీద ఆగిపోయింది. సిరా ఒక చుక్కగా పాకుతోంది.

"వాడు కాదు," అన్నాడు.

"ఏంటి?" అంది ఓనరమ్మ.

"బకరం నానబెట్టనిది వాడు కాదు. నేను. వాడి నీలం దారం తెంపి ముడి వేసింది నేను. రేవులో కాలర్లు కోసి పట్టీ కుట్టింది వాడు, నాయకుడు కాదు. నేను చూశాను." పెన్ను బల్ల మీద పెట్టాడు. "అన్నీ చూశాను. ఒక్కటీ చెప్పలేదు."

ఎవరూ మిషన్లు ఆపమని చెప్పలేదు. అవే ఆగిపోయాయి.

కాజాల అక్క లేవలేదు. "ముందు రోజు," అంది. "పందెం ముందు రోజు మీరు దారాల షాపు దగ్గరికి వచ్చారు. నన్ను చూడ్డానికి."

"అవును."

"నాలుగు దాకా ఉన్నారు."

"అవును."

"పనుందేమో వెళ్ళండి అని నేను రెండుసార్లు అన్నాను. పనంతా అయిపోయిందన్నారు."

"అన్నాను."

ఆవిడ సగంలో ఉన్న కాజా చివరిదాకా కుట్టింది. ముడి వేసి, దారం కొరికి, చొక్కా మడిచి పక్కావిడ ఒళ్ళో పెట్టింది. ఆ పక్కావిడ ఏడుస్తోంది. ఈవిడ ఏడవడం లేదు. చెప్పులు వేసుకుంటూ, "మా అన్నయ్య ఎక్కడుంటాడు?" అంది. అన్న ఇల్లు ఎక్కడో భర్తని అడగాల్సి వచ్చినందుకు ఆవిడ మొహం ఒక్క క్షణం వంకర పోయింది.

మాస్టరు చెప్పాడు. "నేనూ వస్తాను."

"బస్సు అందరిదీ," అని మెట్లు దిగింది.

అతను బల్ల వైపు తిరిగి పెన్ను తీసుకున్నాడు. జేబులోంచి పొద్దుటి కాగితం తీసి, టైలరు పేరు కొట్టేసి తన పేరు రాశాడు, ఇంటిపేరుతో సహా. కాలరు చింపిన నాయకుణ్ణి కొట్టేసి అక్కడ ఎడంచెయ్యి పేరు రాశాడు. తర్వాత సంతకం పెట్టాడు.

ఓనరమ్మ కాగితం వైపు, అతని వైపు మార్చి మార్చి చూసింది. "ఇలాగే వెయ్యమంటారా?"

"ఇలాగే వెయ్యండి."

"రేపు..." అని ఆగింది. రేపు రండి అనాలో, రావద్దు అనాలో ఆవిడకి తెలియలేదు. "రేపు మాట్లాడదాం," అంది.

భార్య ఎక్కిన బస్సునే పరిగెత్తి అందుకున్నాడు. ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. అతను వెనక నిలబడ్డాడు. దిగాక పది అడుగుల దూరంలో నడిచాడు. షెడ్డు దగ్గర ఆవిడ ఒక్కసారి కూడా ఆగలేదు, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయింది.

మిషను చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి ఆగింది. తర్వాత ఎడంచెయ్యి గొంతు, బొంగురుగా: "పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?" దానికి జవాబుగా ముప్పై రెండేళ్ళు పేరుకున్న ఏడుపు ఒక్కసారి వచ్చింది.

మాస్టరు గుమ్మం పక్కన గోడ నీడలో నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అంటారని అతను అనుకోలేదు కూడా.

గుడారం కోసం ఒక పడవ ఆసామి వచ్చాడు. లోపలికి వెళ్ళబోయి, ఏడుపు విని వెనక్కి తగ్గాడు.

"ఏంటండీ, ఎవరన్నా పోయారా?"

"లేదు. చెల్లెలొచ్చింది."

"ఓహో." పడవ ఆసామి ఎగాదిగా చూశాడు. "మీరేమవుతారు?"

బావగారన్న మాట నోటిదాకా వచ్చింది. మాస్టరు దాన్ని పలకలేకపోయాడు.

"ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి," అన్నాడు.

"అయితే లోపలికెళ్ళి నేనొచ్చానని చెప్పండి."

"ఇప్పుడు వద్దండీ," అన్నాడు మాస్టరు. గోడ వెంబడి ఇంకాస్త పక్కకి జరిగి, ఉన్న నీడలో అతనికి కూడా చోటిచ్చాడు. "కాసేపు ఆగండి."